మూడు చక్రాల బుల్లెట్‌కి కారు టైర్లు వేసారా? గాలి ఎంత పెట్టాలో ఇలా లెక్కేసుకోండి

మోకాలు ఆపరేషన్ అయ్యాక బుల్లెట్ బరువు కాలి మీద ఆపడం నావల్ల కాలేదు. బండి అమ్మడానికి మనసొప్పలేదు, అందుకని వెనకాల యాక్సిల్ వేయించి ట్రైక్ చేయించుకున్నాను. వెనక రెండూ మారుతీ 800 చక్రాలు, టైర్లు 145/70 ఆర్12. ముందు చక్రం మాత్రం బుల్లెట్‌దే. మా విశాఖ బీచ్ రోడ్డులో ఎక్కడ ఆపినా ఇద్దరు ముగ్గురు వచ్చి చుట్టూ తిరిగి చూస్తారు, ఎంతయింది అంటారు, మైలేజీ అడుగుతారు, ఆ తర్వాత ఇలాంటి బండి ఉన్నవాళ్ళో, చేయించుకుందామని చూస్తున్నవాళ్ళో అయితే ఒక్కటే అడుగుతారు: "వెనకాల గాలి ఎంత పెడుతున్నారు?"

నేను నెంబరు చెప్పను. చెప్పకూడదని కాదు, నా నెంబరు మీ బండికి పనికిరాదు కాబట్టి. మీ బండి వెనక చక్రం మీద ఎంత బరువు పడుతోందో నాకు తెలీదు, చాలామందికి వాళ్ళకే తెలీదు. బరువు తెలిస్తే గాలి లెక్క పది నిమిషాల పని.

ఈ సంగతి తెలీక నేను పడ్డ పాట్లు ముందు చెప్పేస్తాను. కొత్తలో మా వీధి చివర పంక్చర్ షాపు బాబాయి దగ్గరికెళ్ళి గాలి చూడమంటే, "ఏటి బాబూ, కారు టైరే గదా" అనీసి 32 పీఎస్ఐ కొట్టీసాడు (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత, మనం పాయింటు అనేదీ అదే). నాకూ సబబుగానే అనిపించింది. ఎన్ఏడీ దాటి గాజువాక వైపు వెళ్తుంటే ప్రతి అతుకుకీ వెనక భాగం ఎగిరి పక్కకి జరిగేది, వానలో అయితే మలుపు తిరుగుతుంటే వెనక తేలిపోయినట్టుండేది, నాలుగైదు నెలలకే టైరు మధ్యలో గ్రిప్ అరిగిపోయి రెండు పక్కలా కొత్తదానిలాగే ఉంది. అప్పుడు ఇంకెవరో "ఇంత తేలిక బండికి 12 చాలు" అన్నారు. 12 పెట్టాను. బండి ఉయ్యాల్లా మెత్తగా పోతోంది, నాకు తెగ నచ్చీసింది, రెండోరోజు హనుమంతవాక దగ్గర కాస్త స్పీడుగా తిప్పితే టైరు రిమ్ము కింద ముడుచుకుపోతున్నట్టు వెనక ఊగింది. ఇంటికొచ్చి చూస్తే టైరు పక్క గోడ మీద, ఎప్పుడూ నేలకి తగలని చోట, దుమ్ము తుడుచుకుపోయి నల్లగా గీతలున్నాయి. ఆరోజు నించి ఎవరి నెంబరూ అడగలేదు.

కారు నెంబరు ఎందుకు పనికిరాదంటే, మారుతీ 800 ఖాళీ బండే 650 కిలోల దగ్గర ఉంటుంది, దాంట్లో నలుగురు ఎక్కితే ఒక్కో చక్రం మీద 200 కిలోలు దాటిపోతుంది. మన ట్రైక్‌లో ఒక్కడే కూర్చుంటే అదే టైరు మీద 120, 130 పడితే గొప్ప. తక్కువ బరువుకి అంత గాలి పెడితే టైరు కింద నేలకి ఆనే చోటు చిన్నదైపోయి మధ్య పట్టీ మీదే బండి నడుస్తుంది. టైరుకి కారని తెలీదు, బుల్లెట్టని తెలీదు, దానికి తెలిసిందల్లా నెత్తిమీద ఎన్ని కిలోలున్నాయి అన్నదే.

ముందు టైరునీ రిమ్మునీ చూసుకోండి

గాలి సంగతికి ముందు టైరు వయసు చూడండి. మన ట్రైకులకి చాలావరకు సెకండ్ హ్యాండ్ చక్రాలే వేస్తారు, ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పేచోట రిమ్ముతో పాటు టైరు కూడా వచ్చేస్తుంది, గ్రిప్ బాగుంది కదా అని అలాగే వాడేస్తాం. మారుతీ 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, ఆ బండితో పాటు వచ్చిన టైరైతే ఇప్పుడు దాని వయసెంతో మీరే లెక్కేసుకోండి. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. పక్క గోడని వేలితో వంచి చూడండి, సన్నటి పగుళ్ళు కనబడితే ఆ టైరు మీద తక్కువ గాలి ప్రయోగాలు చెయ్యొద్దు, మార్చీండి. తక్కువ గాలిలో పక్క గోడ ఎక్కువ వంగుతుంది, పాత రబ్బరు ఆ వంగుడు తట్టుకోలేదు.

రెండోది రిమ్ము. కారు టైరు కారు రిమ్ము మీదే ఉండాలి. నాలాగా వెనక రెండు కారు చక్రాలుంటే గొడవలేదు. సైడ్‌కార్ (బైకు పక్కన తగిలించే ఒంటి చక్రం సీటు) బండ్లవాళ్ళు కొందరు బైకు రిమ్ము మీదే కారు టైరు ఎక్కించేస్తారు, సైజు అంకె ఒకటే కదా అని. అంకె ఒకటైనా బీడింగ్, అంటే రిమ్ముని పట్టుకునే టైరు లోపలి అంచు, కూర్చునే గాడి కొలతలు రెండిటికీ వేరు, అందుకే అది ఓ పట్టాన కూర్చోదు, షాపువాడు గాలి పెంచుకుంటూ పోతాడు, 50, 60, ఇంకా పైకి. టైరు కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటకూడదు, అప్పటికీ టప్‌మని కూర్చోకపోతే గాలి తీసీసి ఎక్కడ పట్టేస్తోందో చూడాలి. బీడింగ్ తీగ తెగితే టైరు పేలిపోతుంది, పక్కన వంగుని చూస్తున్నవాడి మొహం మీదకే. బైకు హబ్బుకి కారు రిమ్ము అమర్చే లేత్ వాళ్ళు ఉన్నారు, ఖర్చయినా ఆ దారే మంచిది. నా సలహా ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారని తెలుసు, ఏళ్ళ తరబడి తిరుగుతున్నాం ఏమీ కాలేదు అంటారు, సరే, నేను మాత్రం నా వెనకాల మనిషిని కూర్చోబెట్టుకుని అలాంటి బండి నడపను.

విశాఖలో ఇంకో తలనొప్పి ఉప్పుగాలి. హార్బర్ వైపో, బీచ్ పక్కనో ఉండేవాళ్ళ స్టీలు రిమ్ములు బీడింగ్ కూర్చునేచోట తుప్పు పట్టి పొరలు లేస్తాయి, ట్యూబ్‌లెస్ అయితే అక్కడినించి సన్నగా గాలి పోతుంటుంది. వారానికి 2, 3 పాయింట్లు తగ్గిపోతుంటే మేకు కోసం వెతకడం మానేసి రిమ్ము అంచున సబ్బునీళ్ళు పోసి చూడండి. టైరు విప్పి వైరు బ్రష్షుతో తుప్పు గీకించి, రంగు వేయించి, ఆరాక మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. వాల్వ్ మూతలు ప్లాస్టిక్‌వే వాడండి, మెరిసే అల్యూమినియం మూతలు ఈ గాలికి వాల్వ్‌కి పట్టేసి తిప్పితే వాల్వ్‌తో సహా ఊడొస్తాయి.

బరువు తూయించండి, ఇదే అసలు పని

లారీలు తూచే పెద్ద కాటా దగ్గరికి వెళ్ళొద్దు. అది 10 కిలోలు, 20 కిలోల లెక్కన చూపిస్తుంది, మనకి చక్రం మీద 5 కిలోల తేడా కూడా కావాలి. పాత ఇనుము కొట్టులో నేల మీద పెట్టే ప్లాట్‌ఫారం కాటా ఉంటుంది చూడండి, 300, 500 కిలోలది, అది మనకి సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్తే కొట్టు ఖాళీగా ఉంటుంది, టీ డబ్బులిస్తే సంతోషంగా తూచుకోనిస్తారు. నేను వెళ్ళినప్పుడు కొట్టు ముసలాయన "బండి అమ్మేస్తున్నావా నాయనా" అని అడిగాడు పాపం, కాదు చక్రం బరువు చూసుకోవాలి అంటే నన్ను అదోలా చూసాడు.

తూచేటప్పుడు ఒక చక్రం కాటా మీదుంటే మిగతా రెండూ అంతే ఎత్తులో ఉండాలి. కాటా నాలుగంగుళాల ఎత్తుంటే మిగతా రెండు చక్రాల కింద నాలుగంగుళాల చెక్కలు పెట్టండి. లేకపోతే బండి ఒక పక్కకి వాలి బరువు తప్పు చూపిస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే తీసీయండి, చక్రాలు కదలకుండా రాయి అడ్డం పెట్టుకోండి. మీరు బండి మీద కూర్చోవాలి, రోజూ కూర్చునేట్టు, హెల్మెట్‌తో సహా, ట్యాంకు సగం పైన నిండి ఉండగా. అంకె ఇంకొకరు చూడాలి, మీరే వంగి చూస్తే బరువు ముందుకి పోతుంది. ఇలా మూడు చక్రాలూ ఒక్కొక్కటే. తర్వాత వెనక మనిషినీ సామానునీ ఎక్కించి మళ్ళీ మూడూ.

నా బండికి వచ్చినవి ఇవి. నేనొక్కడినే కూర్చుంటే ముందు 112, వెనక ఎడమ 126, కుడి 124. మా ఆవిడ, పెట్టెలో సామాను కలిపితే ముందు 120, వెనక 162, 160. రెండు పక్కలా సమానంగా రావు, బ్యాటరీయో సైలెన్సరో ఏదో ఒక పక్కన ఉంటుంది కాబట్టి. ఎప్పుడూ బరువైన వైపునే లెక్కకి తీసుకుని రెండిటికీ అదే గాలి పెట్టండి.

ఇక్కడ ఒకటి గమనించారా, మనిషి ఎక్కితే ముందు చక్రం మీద 8 కిలోలే పెరిగింది, మిగతా బరువంతా వెనక్కే పోయింది. అందుకే ఒక్కడికీ ఇద్దరికీ వేరే నెంబర్లు కావాలి.

లెక్క

టైరు పక్కన సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. నాదాని మీద 69ఎస్. ఎస్ అంటే స్పీడు హద్దు, గంటకి 180 కిలోమీటర్లు, మనకి దాంతో పనిలేదు, మన ట్రైకు 80 దాటితే దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. 69 అన్నదే కావాలి, అది లోడ్ ఇండెక్స్. 69 అంటే ఆ టైరు ఎక్కువలో ఎక్కువ 325 కిలోలు మోస్తుంది. 65 అయితే 290, 74 అయితే 375, 79 అయితే 437, 82 అయితే 475.

ఆ బరువు మొయ్యాలంటే మామూలు కారు టైరులో 250 కేపీఏ గాలి ఉండాలి, అంటే సుమారు 36 పీఎస్ఐ. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు, ఏటంటే టైరు పక్కన మ్యాక్స్ ప్రెషర్ అని 300 కేపీఏ అనో 350 కేపీఏ అనో అచ్చుంటుంది, అవి 44, 51 పీఎస్ఐలు. ఆ టైరులో అంతకి మించి గాలి పెట్టకూడదు అని దానర్థం, అంత పెట్టమని కాదు. లెక్కకి 36 తీసుకోండి. ఎక్స్‌ఎల్ అనో రీఇన్‌ఫోర్స్‌డ్ అనో ఉన్న గట్టి టైరైతే 42 తీసుకోండి.

ఇప్పుడు మీ చక్రం మీద పడే బరువుని టైరు మోసే బరువుతో భాగించి 36తో గుణించండి. నాకు ఇద్దరున్నప్పుడు 162ని 325తో భాగిస్తే సగానికి వెంట్రుకవాసి తక్కువ, 36తో గుణిస్తే 18. ఒక్కడినే ఉన్నప్పుడు 126కి 14 వచ్చింది.

నిజానికి టైరు కంపెనీల పట్టికలు ఇలా తిన్నగా గీత గీసినట్టుండవు. బరువు సగం అయితే గాలి సగం కంటే ఇంకాస్త తక్కువే చాలంటాయి. అంటే మన లెక్క కొంచెం ఎక్కువ వైపే చూపిస్తుంది, అది మనకి మంచిదే. అయినా సరే వచ్చిన అంకె మీద ఇంకో 3, 4 పాయింట్లు కలపండి. ఎందుకో చెప్తాను, ఇది ట్రైకుల్లో అసలు కీలకం.

రెండు చక్రాల బండి మలుపులో వాలుతుంది, బరువు టైరు మీద నిలువుగానే పడుతుంది. మనది వాలదు. మలుపు తిరిగితే బండి మొత్తం బయటి చక్రం మీదకి ఒరుగుతుంది, పైగా ఆ టైరుని పక్కకి తోస్తుంది. కాటా మీద 162 చూపించిన చక్రం కైలాసగిరి ఘాట్‌లో మలుపు దగ్గర ఇంకా చాలా మోస్తుంటుంది. గాలి మరీ తక్కువుంటే పక్క గోడ ముడుచుకుని బీడింగ్ రిమ్ము మీద నించి జారే ప్రమాదం ఉంది, ట్యూబ్‌లెస్ అయితే గాలంతా ఒక్కసారి పోతుంది. అందుకే లెక్కలో ఎంత వచ్చినా 18 కంటే కిందికి నేను దిగను. 14 వచ్చిందని 14 పెట్టొద్దు.

అలా నాకు మొదలుపెట్టే నెంబర్లు దొరికాయి: ఒక్కడినైతే 18, ఇద్దరమైతే 22. ఇవి మొదలు మాత్రమే, ఇంకా రోడ్డు మీద చూడాల్సింది ఉంది.

గాలి కొట్టడం

తెల్లారగట్ల, బండి రాత్రంతా నిలబడి ఉన్నాక, ఎండ పడకముందు. రెండు కిలోమీటర్లు నడిపినా టైరు వేడెక్కిపోతుంది, గేజీ ఎక్కువ చూపిస్తుంది. అందుకే బంకు దగ్గరికి వెళ్ళి కొట్టించడం కంటే ఇంట్లో చిన్న పంపు పెట్టుకోవడం నయం, తేలిక టైరు కాబట్టి సైకిలు పంపుతో కూడా అవుతుంది, చెమట పడుతుంది అంతే. బంకులోనే కొట్టించాలంటే ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు ఎంతుందో చూసుకుని, ఎన్ని పాయింట్లు తక్కువో గుర్తుపెట్టుకుని, అక్కడ గేజీ ఎంత చూపించినా దాని మీద అన్నే కలపమనండి. మెషిన్ దగ్గర కుర్రాడు మూడు చక్రాలు చూసి తికమకపడి అలవాటు ప్రకారం 30 నొక్కేస్తాడు, చెయ్యి అడ్డం పెట్టండి.

గేజీ మీ సొంతం ఉండాలి, అదీ 60 వరకు ఉన్నది చాలు. లారీ షాపుల్లో ఉండే పెద్ద గేజీలో 20 దగ్గర గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి, 18 ఏదో 22 ఏదో కంటికి ఆనదు. మీ గేజీ ఒకటి రెండు పాయింట్లు తప్పు చూపించినా ఎప్పుడూ అదే గేజీ వాడితే ఇబ్బంది లేదు, రకరకాల గేజీలు వాడితేనే గందరగోళం.

వెనక రెండు టైర్లకీ ఒక పాయింటు కంటే తేడా ఉండకూడదు. మూడు నాలుగు తేడా వస్తే తక్కువున్న టైరు కిందకి దిగి చుట్టుకొలత తగ్గిపోతుంది, బండి అటుపక్కకి లాగుతుంది. డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేరు పెట్టె) లేకుండా ఒకే కడ్డీ యాక్సిల్ వేసిన బండ్లకైతే ఒక టైరు ఊరికే ఈడ్చుకుపోయి అరిగిపోతుంది. బండి ఒక పక్కకి లాగుతోందని హ్యాండిల్ సర్దించడానికి మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు రెండు టైర్లలో గాలి చూసుకోండి, సగంసార్లు అదే.

చాక్‌పీస్ పరీక్ష

పిల్లల చాక్‌పీస్ తీసుకుని వెనక టైరు మీద ఈ అంచు నించి ఆ అంచు దాకా మందంగా అడ్డగీత గియ్యండి. నాలుగుచోట్ల గీస్తే మరీ మంచిది. తిన్నగా, పొడిగా ఉన్న రోడ్డు మీద ఓ అర కిలోమీటరు నెమ్మదిగా నడిపి ఆపి చూడండి. నేను ఆర్కే బీచ్ దగ్గర తెల్లారి ఐదున్నరకి చేసాను, వాకింగ్ వాళ్ళు తప్ప ఎవరూ ఉండరు, ఒకాయన "ముగ్గు వేస్తున్నావేటి" అని నవ్వుకుంటూ పోయాడు.

గీత మధ్యలోనే చెరిగి రెండు చివర్లా మిగిలితే గాలి ఎక్కువ. చివర్లు చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. అంతా ఒకేలా చెరిగితే సరిపోయింది. రెండేసి పాయింట్లు మార్చుకుంటూ మళ్ళీ గియ్యండి. నాకు ఒక్కడినే ఉన్నప్పుడు 18 దగ్గర గీత మొత్తం శుభ్రంగా చెరిగింది, 20 దగ్గర రెండు అంచుల్లో వేలెడు వెడల్పు పలచగా మిగిలింది, 26 దగ్గర మధ్యలో మూడు వేళ్ళ వెడల్పే చెరిగింది. 32 దగ్గర నేను నాలుగైదు నెలలు ఎంత టైరు మీద తిరిగానో ఆ గీత చూస్తే అర్థమైంది. ఒక అంచు మాత్రమే చెరుగుతుంటే అది గాలి దోషం కాదు, చక్రం వంకర, యాక్సిల్ వేసినవాడి దగ్గరికి వెళ్ళండి.

చాక్ ప్రకారం 18 బావుంది కదా, మరి నేను 18 దగ్గర ఆగలేదు. కైలాసగిరి ఎక్కి దిగి చూస్తే 18తో మలుపుల్లో వెనక ఒక అర సెకను ఆలస్యంగా తిరిగినట్టుంది, 20తో ఆ ఊగుడు పోయింది. తిన్న రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చేసే పరీక్ష అది, మలుపు సంగతి దానికి తెలీదు. కాబట్టి చాక్ చెప్పినదానికి ఒకటి రెండు ఎక్కువే ఉండనివ్వండి.

వేడి పరీక్ష

ఇది పొడుగు దారి తిరిగేవాళ్ళు తప్పకుండా చెయ్యాలి. చల్లగా ఉన్నప్పుడు అనుకున్న గాలి పెట్టి, పూర్తి బరువుతో, ఆపకుండా అరగంట పైన నడపండి. నేను బీచ్ రోడ్డు పట్టుకుని ఋషికొండ మీదుగా భీమిలి దాకా వెళ్ళాను, పాతిక కిలోమీటర్లపైనే ఉంటుంది. ఆగగానే గేజీ పెట్టండి. 22 పెట్టింది 24, 25 చూపిస్తే బాగుంది. 4 పాయింట్ల కంటే ఎక్కువ పెరిగిందంటే టైరు ఎక్కువగా వంగుతోంది, వంగుడే వేడి, అంటే మొదట పెట్టిన గాలి తక్కువ. అలాంటప్పుడు వేడిమీద గాలి తీసేస్తారు కొందరు, పెరిగిపోయింది కదా అని. అది తిరగేసి చేసే పని. ఇంటికొచ్చి చల్లారాక 2 కలపాలి. ఎండలో ఆపిన బండికి ఎండ తగిలేవైపు టైరు ఒక్కటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి కంగారుపడొద్దు.

చెయ్యి పెట్టి కూడా చూడండి. గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే బండి అక్కడే ఆపీండి.

ముందు చక్రం, సైడ్‌కార్ చక్రం

ముందుది బైకు టైరే కాబట్టి బైకు పుస్తకంలో ఉన్న నెంబరు నించి మొదలెట్టండి. ట్రైక్‌లో హ్యాండిల్ బరువెక్కుతుంది, వాల్చి తిప్పడం ఉండదు, చేత్తోనే తిప్పాలి, అందుకని 2, 3 పాయింట్లు పెంచితే చేతులకి హాయి. మరీ పెంచితే గుంతల్లో మణికట్లు పోతాయి.

సైడ్‌కార్ అయితే లెక్క అదే, కానీ మూడు చక్రాలకీ మూడు వేరువేరు నెంబర్లొస్తాయి. వెనక చక్రం ఒక్కటే బండినీ మనిషినీ తోసేదీ మోసేదీ, దానికి ఎక్కువ. ఎడమపక్క సైడ్‌కార్ చక్రం ఖాళీగా ఉన్నప్పుడు చాలా తేలిక, దానికి గాలి ఎక్కువ పెడితే ప్రతి గుంతకీ గాల్లోకి లేస్తుంది, మనుషులు కూర్చుంటే ఎంత పడుతుందో అప్పుడు తూచి పెట్టుకోండి. బయటిదేశాల సైడ్‌కార్ వాళ్ళు వెనక చక్రానికి 135/70 ఆర్15 లాంటి సన్నటి కారు టైరు వేస్తుంటారు, మనకి సన్నటి టైరు కావాలంటే 12 అంగుళాల్లో నానో ముందు టైరు 135/70 ఆర్12 ఉంది. మీ బండికి వెడల్పు టైరు వేస్తే అందంగా ఉంటుందని చెప్పేవాళ్ళ మాట వినకండి, తేలిక బండికి సన్న టైరే నేలని పట్టుకుంటుంది.

వాన, చలి, అరకు

వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అది ఉల్టా. టైరు కింద నీళ్ళని తోసేసేది ఆ గాలి ఒత్తిడే. విమానం టైర్ల కోసం పెట్టిన ఒక మోటు లెక్క ఉంది, దాని ప్రకారం 20 పీఎస్ఐ ఉన్న టైరు గంటకి 74 కిలోమీటర్ల దగ్గర నీళ్ళ మీద తేలడం మొదలెడుతుంది, 12 ఉంటే 57 దగ్గరే తేలిపోతుంది. గ్రిప్ అరిగిన టైరుతో అయితే ఇంకా నమ్మకూడదు. వానల్లో నేను గాలి మార్చను, స్పీడు 40కి దించేస్తాను.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే మన 20 పాయింట్ల టైరులో ఒక పాయింటు పైన మారుతుంది. మే నెలలో సరిచేసిన గాలి డిసెంబరు పొద్దున్నకి తగ్గి ఉంటుంది, వానాకాలం అయ్యాక ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి చూసుకోండి, ఎలాగూ పదిహేను రోజులకోసారి చూడాలనుకోండి.

అరకు వెళ్ళేవాళ్ళకి ఒక తమాషా. విశాఖలో 30 డిగ్రీల్లో పెట్టిన గాలి అరకులో పొద్దున్నే 10 డిగ్రీల చలికి రెండు పాయింట్ల పైన తగ్గాలి. కానీ అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ బయటి గాలి పలచన, అందుకని గేజీ ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి ఒక పాయింటు తగ్గినట్టు కనబడుతుంది. అక్కడ ఏమీ ముట్టుకోకండి. ఘాట్‌కి మాత్రం ఇద్దరి నెంబరు మీద 1, 2 ఎక్కువ పెట్టుకుని బయల్దేరండి, దిగేటప్పుడు బయటి చక్రం పడే కష్టం చూసాక నేను 24తో వెళ్తున్నాను.

ఇంకో ముక్క, కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని, ఆర్సీలో ఉన్న వివరాలు తేడా వచ్చేలా, మన ఇష్టానికి మార్చకూడదు. కాలి ఇబ్బంది ఉన్నవాళ్ళకి అడాప్టెడ్ వెహికల్ అనే దారి ఉంది, దానికి ఆర్టీవో అనుమతి, ఆర్సీలో నమోదు కావాలి, డాక్టరు కాగితాలతో ముందే వెళ్ళి అడగండి, యాక్సిల్ వేయించేసాక కాదు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది అదే.

అన్నీ అయ్యాక మీ నెంబర్లు మడ్‌గార్డు లోపలివైపు పెయింటుతో రాయించీండి. నాదాని మీద ముందు 22, వెనక 20, ఇద్దరైతే 22 అని పసుపు రంగులో ఉంటుంది. మా పంక్చర్ షాపు బాబాయికి ఇప్పుడు చెప్పక్కర్లేదు, వంగి చూసుకుని కొడతాడు, అయినా ప్రతిసారీ "కారు టైరుకి ఇరవయ్యేటి బాబూ" అని ఒకసారి గొణుగుతాడు. మీరు కొత్త పెట్టె తగిలించినా, సీటు వెనక్కి జరిపించినా, టైరు సైజు మార్చినా ఆ పెయింటు చెరిపేసి మళ్ళీ ఇనుము కొట్టుకి వెళ్ళాలి.